బండి గంటన్నరలో వచ్చింది, కాయితం పదకొండు నెలలకొచ్చింది



ఈ వారం ఇద్దరు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "రాయచూరు వైపు డీజిల్ పికప్ ఒకటి చవగ్గా ఉందన్నా, మన దగ్గరకంటే యాభై అరవై వేలు తక్కువ. తెచ్చుకోమంటావా?" అని. తెచ్చుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇది ఫోన్లో ఒక మాటతో తేలేది కాదు. నేను ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి. దెబ్బ తిన్నాక, పక్క ఊరి బండి తెచ్చుకుంటే ఇంత తిప్పలు ఎందుకు పడాల్సి వచ్చిందని కూర్చుని చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. అప్పుడు అర్థమైంది, ఇది ఇవాళ్టి ఆఫీసుల్లో పుట్టిన తిప్పలు కాదు, మన తాతల కాలం నుంచి వస్తున్నది. ఓపిగ్గా చదవండి. అరవై వేలు మిగలడమా, లక్ష పోవడమా అనేది ఇందులో ఉంది.

ముందు నా కథ చెప్తా.

2018లో నేను తుంగభద్ర అవతల కర్ణాటకలో ఒక ఊరి నుంచి పికప్ కొన్నా. 2013 మోడల్. ధర మూడు లక్షల పదివేలు. అదే బండి ఇక్కడ మూడు డెబ్బైకి తక్కువ ఎవరూ ఇవ్వలేదు. అమ్మినాయన పెద్దాయన, మంచివాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టిచ్చాడు. అసలు ఆర్సీ ఇచ్చాడు. "ఎన్ఓసీ ఎప్పుడు కావాలన్నా రా నాయనా, ఆఫీసుకి నేనే వస్తా" అన్నాడు. బండి గంటన్నరలో మా వాకిట్లోకి వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం. ఆ కాయితాలను బండి డబ్బాలో పెట్టి మర్చిపోయా.

ఏడాది పైన కేఏ నంబరు మీదనే తిప్పినా. సీడ్ పత్తి వేసినా, మిరప వేసినా, అదే బండి. ఒకరోజు హైదరాబాద్ మలక్‌పేట మార్కెట్‌కి మిరప బస్తాలు వేసుకుని పోతుంటే హైవే మీద ఆపారు. బండి ఎవరిది అన్నారు. నాదే అన్నా. ఆర్సీలో వేరే పేరుంది. ఈ రాష్ట్రంలో పన్ను కట్టిన కాయితం లేదు. ఫిట్‌నెస్ ముగిసిపోయింది, నేను చూసుకోనే లేదు. బండి అక్కడే నిలిచిపోయింది. బస్తాలు వేరే బండికెక్కించి పంపేసరికి ఆ రోజు ధర దాటిపోయింది.

మరుసటి రోజు ఆ పెద్దాయన ఊరికి పోతే ఇంటిముందు ఆయన ఫొటోకి దండ ఉంది. చనిపోయి నాలుగు నెలలట. ఇద్దరు కొడుకులు, ఒకరు బెంగళూరులో. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఇంకా అట్లే ఉంది. అప్పు ఎప్పుడో తీరింది కానీ, తీరిందని కాయితం తెచ్చి కొట్టేయించలేదు. ఇక చూసుకోండి, వారసుల సర్టిఫికెట్, ఫైనాన్స్ వాళ్ల కాయితం, అక్కడి బాకీ పన్ను, ఫిట్‌నెస్, ఎన్ఓసీ. అక్కడి నుంచి ఇక్కడికి తిరిగి తిరిగి బండి నా పేరు మీదకి వచ్చేసరికి పదకొండు నెలలు. మిగిలిందనుకున్న అరవై వేలు పోయి, పైన ఇంకో నలభై వేలు చేతి నుంచి పడింది. ఒక సీజన్ అంతా కిరాయి బండ్లే.

తప్పు నాదే. ఎవర్నీ అనను. కానీ నాకు ఒక్క సంగతి మింగుడు పడలేదు. రాయచూరు మనకు పరాయి ఊరా? మా తాత భూమి తగాదాకి పోయింది ఆ రాయచూరుకే కదా?

అక్కడి నుంచే చరిత్ర మొదలు.

మన నడిగడ్డ పెద్దమనుషుల్ని అడగండి, చెప్తారు. నిజాం కాలంలో గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. జిల్లా కచేరీ అంటే రాయచూరే. అదే తుంగభద్ర దాటి కర్నూలుకి పోతే అది ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజ్యం. 1800లో నిజాం కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురం ఉన్న సీమంతా ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి తుంగభద్ర రెండు రాజ్యాలకు సరిహద్దు. హైదరాబాద్ రాజ్యానికి సొంత సుంకం ఉండేది. దాన్ని కరోడ్‌గిరి అనేవారు. సరిహద్దుల్లో నాకాలు పెట్టి సరుకు మీద వసూలు చేసేవారు. రూపాయి కూడా వేరు, నిజాంది హాలీ సిక్కా. కర్నూలు సంతకు సరుకు వేసుకుని పోయే ఎద్దులబండి నాకా దగ్గర ఆగాల్సిందే. కాబట్టి బండిని సరిహద్దులో ఆపి లెక్క అడగడం మనకు కొత్తేమీ కాదు. ఎద్దులు పోయి ఇంజిను వచ్చింది, అంతే.

1956 నవంబరు 1న భాషల వారీగా రాష్ట్రాలు చేశారు. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది. గద్వాల, అలంపురం తాలూకాలను మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో ఉంచారు. నిన్నటి దాకా జిల్లా కేంద్రమైన రాయచూరు పరాయి రాష్ట్రమైంది. నిన్నటి దాకా పరాయి రాజ్యమైన కర్నూలు సొంత రాష్ట్రమైంది. మళ్లీ 2014 జూన్ 2న కర్నూలు వేరే రాష్ట్రమైంది. నది ఎక్కడిదక్కడే ఉంది, చేన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వియ్యాలు కూడా మూడు వైపులా ఉన్నాయి. గీత మాత్రం రెండుసార్లు జరిగింది. ఆ గీత మీదనే మన బండ్ల తిప్పలన్నీ.

ఇప్పుడు మోటారు చట్టం సంగతి.

మన దేశమంతటికీ మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. తర్వాత పెద్ద చట్టం 1939లో, ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం. ఇది 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టాలు చేసింది ఢిల్లీ. వీటి ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టర్ చేసిన బండి దేశమంతా చెల్లుతుంది. 46వ సెక్షన్ అదే చెప్తుంది. ఇది చూసి మనోళ్లు "ఇండియా అంతా ఒకటే కదా, కేఏ నంబరైతే ఏమైతది" అంటారు. నేనూ అట్లే అన్నా.

కానీ పన్ను మాట వేరు. బండ్ల మీద పన్ను మొదటి నుంచీ రాష్ట్రాల చేతిలోనే ఉంది. మద్రాసు రాజ్యంలో మోటారు బండ్ల పన్ను చట్టం 1931లోనే చేశారు. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం రాసినప్పుడు కూడా అదే పద్ధతి ఉంచారు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో 57వ పద్దు బండ్ల మీద పన్ను. అది రాష్ట్రాలది. పన్ను ఏ సూత్రం మీద వేయాలనేది ఉమ్మడి జాబితాలో 35వ పద్దు. అంటే నంబరు చట్టం కేంద్రానిది, డబ్బు రాష్ట్రానిది. రాష్ట్రం తన రోడ్లు వేసుకోవాలి, బాగు చేసుకోవాలి, దానికి రాబడి కావాలి. ఆ మాటా న్యాయమే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇటు తెలంగాణకి, అటు ఆంధ్రకి కలిపి 1963లో ఒక పన్ను చట్టం చేశారు. విడిపోయాక ఎవరి లెక్క వాళ్లది.

ఇదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. మీ బండి నంబరు దేశమంతా చెల్లుతుంది. మీరు కట్టిన పన్ను మాత్రం గీత దాకానే చెల్లుతుంది.

డీజిల్ సంగతి కూడా అట్లాంటిదే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, దేశమంతా ఒకటే పన్ను అన్నారు. పెట్రోలు, డీజిల్ మాత్రం అందులో కలపలేదు. ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిదే. అందుకే మనోళ్లు అటు పోయినప్పుడు ట్యాంకు నింపుకుని వస్తారు. అక్కడ లీటరు చవక. బండి చవక కూడా అట్లాంటిదే అనుకుంటాం. డీజిల్ తెచ్చుకుంటే ఇంజిన్లో కాలిపోతుంది, ఎవరూ అడగరు. బండి కాలిపోదు. పదేళ్లు ఇక్కడే తిరుగుతుంది. అందుకే అడుగుతారు.

నంబర్ల కథ కూడా కొంచెం చెప్తా, పిల్లలకు తెలియదు. 1989కి ముందు మూడక్షరాల నంబర్లు ఉండేవి. కర్ణాటక లారీల మీద ఎం.వై. అని మైసూరు గుర్తులు చూసినవాళ్లు మనలో ఉన్నారు. ఆ రాష్ట్రం పేరు 1973లో కర్ణాటక అయినా, బండ్ల మీద మైసూరు ఇంకా చాలా ఏళ్లు తిరిగింది. 1988 చట్టంతో దేశమంతా ఒకే పద్ధతి వచ్చింది. రెండక్షరాలు రాష్ట్రానికి, రెండంకెలు ఆఫీసుకి. మనకి ఇంగ్లీషు అక్షరాల వరసలో జిల్లాలకు అంకెలిచ్చారు. ఆదిలాబాద్ ఏపీ 01, అనంతపురం ఏపీ 02, అట్లా పోతే కర్నూలు ఏపీ 21, మహబూబ్‌నగర్ ఏపీ 22. మా ఇంట్లో మొదటి బండి ఏపీ 22దే. 2014లో టీఎస్ వచ్చింది. జిల్లాలు విడిపోయాక మన గద్వాలకి టీఎస్ 33. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ. అటు ఆంధ్రలో 2019 నుంచి కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 పెట్టారు. బండి అదే రోడ్డు మీద తిరుగుతోంది, దాని నుదుటి రాత మాత్రం మారుతూ వచ్చింది.

రాష్ట్రం విడిపోయినప్పుడు పాత ఏపీ నంబర్లన్నీ టీఎస్‌కి మార్చుకోవాలన్న మాట వచ్చింది. జనం భయపడ్డారు. కోర్టు దాకా పోయింది. చివరికి అది జరగలేదు, పాత ఏపీ బండ్లు ఇప్పటికీ ఇక్కడ తిరుగుతున్నాయి. కానీ 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్ర నుంచి వచ్చే రవాణా బండ్లకి తెలంగాణ పన్ను మొదలైంది. అలంపురం చౌరస్తా నుంచి కర్నూలు కనపడుతుంటుంది. ముందు రోజు దాకా ఊరికే తిరిగిన లారీ తెల్లారేసరికి పరాయి రాష్ట్రం బండి అయింది. అప్పుడు మనకు తెలిసింది గీత అంటే ఏందో.

ఇప్పుడు అసలు ఇరుకులోకి వద్దాం. పరాయి రాష్ట్రం బండి గురించి 1988 చట్టం ఏమంటుంది?

47వ సెక్షన్: ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఈ పన్నెండు నెలల మాట ఊరంతా తెలుసు. అమ్మేవాళ్లు కూడా ఇదే చెప్తారు, "ఏడాది దాకా ఎవడూ అడగడన్నా" అని. ఇక్కడే మనం బోల్తా పడేది. ఆ పన్నెండు నెలలు నంబరు మార్చడానికి, పన్నుకి కాదు. ఆ గడువు తన బండితో పని మీద వేరే రాష్ట్రానికి వచ్చినవాడికి పనికొస్తుంది. కొన్నవాడి సంగతి 50వ సెక్షన్‌లో ఉంది. కొన్నాయన 30 రోజుల్లో తన ఊరి ఆఫీసులో చెప్పాలి. వేరే రాష్ట్రం బండి అయితే అమ్మినాయన 45 రోజుల్లో ఎన్ఓసీ అందించాలి. నేను ఏడాది ధీమాగా తిరిగా, నా గడువు నెలకే అయిపోయింది.

48వ సెక్షన్ ఎన్ఓసీ గురించి. బండి ఏ ఆఫీసులో రిజిస్టర్ అయిందో ఆ ఆఫీసే ఇవ్వాలి. ఫారం 28 మీద అడగాలి. ఎందుకు పెట్టారు ఇది? రెండు కారణాలు. ఒకటి, దొంగబండి గీత దాటి కొత్త నంబరుతో పుట్టకూడదు. అందుకే దొంగతనం కేసు లేదని పోలీసు రికార్డు చూడాలి. రెండు, పాత రాష్ట్రానికి పన్ను బాకీ పెట్టి పారిపోకూడదు. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే, కాదని చెప్పకపోతే, ఇచ్చినట్టే లెక్క అని కూడా చట్టంలో ఉంది. ఇది మనలో చాలామందికి తెలియదు. అందుకే దరఖాస్తు ఇచ్చిన రోజు రసీదు తీసుకోండి. రసీదు లేనివాడికి ముప్పై రోజులు ఎప్పుడు మొదలైనట్టు?

ఇంకొక మాట. పికప్ మన సొంత మిరపకే వాడినా అది సరుకు బండే, పసుపు బోర్డే. "నేను కిరాయికి తిప్పను సార్, నా పంటే" అంటే చెల్లదు. ఫిట్‌నెస్ కావాల్సిందే. బండికి 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, నిండాక ఏటేటా. పర్మిట్ మాత్రం మొత్తం బరువు, అంటే ఆర్సీలో జీవీడబ్ల్యూ అని రాసేది, 3,000 కిలోలు దాటని బండికి అక్కర్లేదు. 2005లో వచ్చిన టాటా ఏస్ లాంటి చిన్న బండ్లు ఊరూరా పాకడానికి అదీ ఒక కారణం. పెద్ద పికప్‌లు దాటతాయి, లారీ సంగతి చెప్పేదే లేదు. దాటితే పాత రాష్ట్రంలో పర్మిట్ అప్పజెప్పి, ఆ కాయితం తెచ్చుకోవాలి. లేకపోతే ఎన్ఓసీ దగ్గరే ఆగిపోతుంది.

ఇక డీజిల్ బండ్లు దూరం నుంచి ఎందుకు చవగ్గా వస్తున్నాయో చూడండి.

ఒకప్పుడు పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో చాలా తేడా ఉండేది. డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. అందుకే డబ్బున్నవాళ్లు కూడా డీజిల్ బండ్లే కొన్నారు. 2014 అక్టోబరులో డీజిల్ ధరను వదిలేశారు, తేడా తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో ఢిల్లీ గాలి పాడైపోయింది. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదంది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2022 జనవరి 1 నుంచి పదేళ్లు నిండిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్లను ఢిల్లీ రద్దు చేస్తూ వచ్చింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొంత సడలింపు ఇచ్చింది కానీ, అప్పటికే బండ్లు దేశమంతా పరుచుకున్నాయి. అక్కడ తిరగడానికి లేని బండిని ఏం చేస్తారు? తుక్కుకి వేయాలి, లేకపోతే ఎన్ఓసీ తీసుకుని వేరే రాష్ట్రంలో అమ్మాలి. అట్లా వచ్చినవే ఈ తెల్ల బోర్డు పెద్ద బండ్లు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. నేను వాటిని తప్పు పట్టను. కానీ లెక్క వేసుకోండి. తెల్ల బోర్డు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. పదకొండేళ్ల బండి కొంటే మీ చేతిలో ఉన్నది నాలుగేళ్లు. ఇక్కడ లైఫ్ టాక్స్ బండి వయసు చూసి కట్టాలి. 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకి పొడిగించుకోవచ్చు. కానీ 2022 ఏప్రిల్ నుంచి కారు లాంటి బండికి ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, ఫిట్‌నెస్ కూడా పాస్ కావాలి. ఇవన్నీ కలిపితే ఢిల్లీ చవక ఎంత మిగులుతుందో మీరే చూడండి.

ఇంకో గండం బీఎస్ సంగతి. పొగ ఎంత వదలొచ్చో చెప్పే కొలత అది. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు కొత్తగా అమ్మడం, రిజిస్టర్ చేయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4కీ అదే గతి, బీఎస్-6 మాత్రమే. దీంతో అమ్ముడుపోని బండ్లు కంపెనీల దగ్గర మిగిలాయి. అప్పుడు జరిగిన ఒక సంగతి పేపర్లలో చదివే ఉంటారు. బీఎస్-3 లారీలను తుక్కు కింద కొని, ఎక్కడో నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించి, అక్కడి ఎన్ఓసీతో అనంతపురం తెచ్చారన్న ఆరోపణ మీద 2020లో కేసులయ్యాయి. ఎవరు తప్పు చేశారన్నది కోర్టు తేలుస్తుంది, అది మన పని కాదు. మన పని ఒకటే. అట్లాంటి లారీ రెండు చేతులు మారి మన వాకిట్లోకి వస్తే? కాయితం చూస్తే ఎన్ఓసీ ఉంటుంది, సీలు ఉంటుంది. పునాదే అబద్ధమైతే 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చు. అప్పుడు పోయేది చివర కొన్నవాడి డబ్బు. అందుకే ఒక్క ఎన్ఓసీ చూస్తే చాలదు, బండి మొదట ఏ రాష్ట్రంలో, ఏ తారీఖున రిజిస్టర్ అయిందో చూడాలి. కర్ణాటకలో అమ్ముతున్న బండి పుట్టుక ఈశాన్య రాష్ట్రాల్లో అయితే పదిసార్లు అడగండి.

ఇంతవరకు కొనేవాడి భయం. అమ్మేవాడికి కూడా ఒకటి ఉంది. మనం కూడా పాత బండ్లు అమ్ముతాం కదా. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసు. ఒక బండి చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో మాత్రం మొదటి ఆయన పేరే ఉంది. చివర ఎవరి దగ్గరో ఉన్నప్పుడు యాక్సిడెంట్ అయి ప్రాణం పోయింది. నష్టపరిహారం ఎవరు కట్టాలి? నేను ఎప్పుడో అమ్మేశానన్నాడు మొదటాయన. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం కళ్లకి ఆయనే యజమాని, ఆయనే బాధ్యుడు అంది కోర్టు. బాధితుడి కుటుంబం బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదంది.

ఈ తీర్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ పెద్దాయన పేరు మీద ఏడాది పైన బండి తిప్పా. రాత్రిపూట బస్తాలేసుకుని, పిల్లగాళ్లు తిరిగే ఊళ్ల మధ్య నుంచి పోయా. దేవుడి దయ, ఏమీ కాలేదు. అయి ఉంటే? సమన్లు పోయేది ఆయన ఇంటికి. దండ వేసిన ఫొటో ముందు నిలబడి ఆయన కొడుకులు నా తప్పుకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. నాకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టిన ఇల్లు అది. డబ్బు పోయిందని బాధ పడ్డా కానీ, సిగ్గుపడింది మాత్రం దీనికే.

మరి దేశమంతా ఒకటే నంబరు ఇవ్వకూడదా అని మీరు అడగొచ్చు. ఇచ్చారు. 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చారు. సైన్యంలో ఉన్నవాళ్లకి, ప్రభుత్వ ఉద్యోగులకి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకి. రెండేళ్లకోసారి పన్ను కడితే చాలు, ఏ రాష్ట్రానికి బదిలీ అయినా నంబరు మార్చక్కర్లేదు. సొంత కార్లకే అది, సరుకు బండ్లకి లేదు. మూడు రాష్ట్రాల మధ్యన నలిగే నడిగడ్డ రైతుకి అందులో చోటు లేదు. ఉద్యోగి బదిలీ అవుతాడని తెలుసుకున్నారు, మన పంట కూడా ఒక వారం రాయచూరు, ఒక వారం కర్నూలు, ఒక వారం హైదరాబాద్ పోతుందని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇది అడగాల్సిన మాట. మన నాయకులు ఓట్లకి వచ్చినప్పుడు అడగండి.

అంతవరకు ఉన్న చట్టంతోనే బతకాలి కాబట్టి, ఫోన్ చేసిన ఆ ఇద్దరికీ, మీ అందరికీ నేను చెప్పే వరస ఇది.

ముందు మన ఆఫీసుకి పోండి, బండి దగ్గరికి కాదు. ఆ మోడల్, ఆ ఏడాది బండి తెస్తే ఇక్కడ పన్ను ఎంత, ఫీజులెంత అని అడిగి రాసుకోండి. దాన్ని బండి ధరకి కలపండి. అప్పటికీ చవకైతేనే అటు పోండి.

తర్వాత ఆర్సీలో పేరున్న మనిషితోనే బేరం చేయండి. మధ్యవాడు ఎంత మంచివాడైనా ఆఫీసులో సంతకానికి పనికిరాడు. పేరున్న మనిషి చనిపోయి ఉంటే ముందు వారసులు ఫారం 31తో తమ పేరు మీదకి మార్చుకోవాలి, ఆ తర్వాతే మీకు అమ్మాలి.

ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరిందన్న మాట నమ్మొద్దు. ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల కాయితం పెట్టి కొట్టేయించాకే డబ్బు.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మీ కళ్లతో ఆర్సీతో సరిచూడండి. చలాన్లు, పన్ను బాకీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తారీఖులు చూడండి.

డబ్బంతా ఒకేసారి ఇవ్వొద్దు. బయానా ఇవ్వండి, కాయితం మీద రాసుకోండి. ఎన్ఓసీ మన జిల్లా ఆఫీసు పేరుతో చేతికొచ్చిన రోజు మిగతాది ఇవ్వండి. ఈ ఒక్కటి చేసి ఉంటే నాకు పదకొండు నెలలు పోయేవి కావు.

బండి తెచ్చిన నెల లోపల దరఖాస్తు పడిపోవాలి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి 14 రోజుల్లో మార్చుకోండి. అవతలివాడికి దెబ్బ తగిలితే పాత పాలసీ పలుకుతుంది కానీ, మీ బండికి దెబ్బ తగిలితే పాత పేరు మీద మీకు రూపాయి రాదు.

ఇవన్నీ చేసి రాయచూరు నుంచి బండి తెచ్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు, సుఖంగా తిప్పుకుంటున్నారు. నా తర్వాత మా బామ్మర్ది ఇదే వరసలో తెచ్చాడు, రెండు నెలల్లో టీఎస్ నంబరు పడింది. ముప్పై వేలు మిగిలాయి కూడా. కాబట్టి వద్దనడం లేదు. రాయచూరు మన పాత జిల్లానే, అక్కడి మనుషులు మనవాళ్లే. కరోడ్‌గిరి నాకాలు కూలిపోయి డెబ్బై ఏళ్లు కావస్తున్నా, ఆ గీత కాయితం మీద ఇంకా ఉంది. బండి దాన్ని గంటన్నరలో దాటుతుంది. కాయితాన్ని కూడా మనమే దాటించాలి, అదీ అమ్మినాయన కళ్లముందు ఉండగానే.

మీలో ఎవరి బండి అయినా ఇంకా పక్క రాష్ట్రం పేరు మీద తిరుగుతుంటే, ఈ పంట అయ్యాక చూద్దాం అనుకోవద్దు. రేపు సోమవారం. ఆ డబ్బా తెరిచి కాయితాలు తీయండి. ముందు ఆర్సీలో పేరున్న మనిషికి ఒక ఫోన్ చేసి ఎట్లున్నాడో అడగండి.

ఉంటా.